కాకినాడ శూన్యం

మెట్ల మలుపు దగ్గర హైమవతి ఆగింది. కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నట్టు కాసేపు నిలబడి, ఊపిరి మామూలయ్యాకే మిగిలిన మెట్లు ఎక్కింది. పై అంతస్తు తలుపు తోసేసరికి తబిత చేతితొడుగులు వేసుకుని, వెచ్చటి నీళ్ళ తొట్టిలోంచి సన్నటి నాళాన్ని బయటికి తీస్తోంది.

"లిఫ్టు బాగుచేసేరు కదక్కా. మళ్ళీ మెట్లెక్కి వచ్చేరా?"

"ఆధారం లిఫ్టెక్కకూడదుగా. రూలు," అని హైమ కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి చాపింది.

తబిత మోచేతి మడతలో సూది గుచ్చింది. ఇద్దరికీ అలవాటైన పనే కావడంతో ఆ సమయంలో మాట్లాడుకోరు. హైమ రక్తం నాళం గుండా నేరుగా గోడలోని యంత్రంలోకి వెళ్ళింది. ఎదురుగా ఉన్న తెర మీద తుని నుంచి యానాం దాకా తీరం పొడవునా నీలం చుక్కలు వెలిగి ఉన్నాయి. ప్రతి చుక్కా ఒక వేలిగూడు. శూన్యం కట్టుబడుతున్నకొద్దీ నీలం చుక్కలు ఒక్కొక్కటీ ఆరిపోసాగాయి. వేలు పెట్టడానికి గూళ్ళు సిద్ధమవుతున్నాయన్నమాట.

గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాలు లోలోపల పూడుకోవడం మొదలైతే నెత్తుట్లోకి కొన్ని జాడలు వచ్చి చేరతాయి. నొప్పి రాకముందే, మనిషికి అనుమానమైనా కలగకముందే వస్తాయి. వాటిలో అతి ముఖ్యమైనవి ఒంట్లోంచి బయటపడ్డ కాసేపటికే విరిగిపోతాయి. సీసాలో పోసి కొలబద్దగా దాచుకోవడం కుదరదు. అందుకే ఇలాంటి గూళ్ళన్నీ కలిసిన ప్రతి వలయానికీ బతికున్న కొలబద్ద ఒకటి ఉండాలి. గుండె జబ్బు లేని మనిషి, తెల్లవారగానే చెయ్యి చాపే మనిషి. ఆధారం అనే ఆ మనిషి రక్తమే ఆ రోజుకు శూన్యం. ఎవరైనా గూట్లో వేలు పెడితే, వాళ్ళ నెత్తురు శూన్యానికి దగ్గరగా ఉంటే తెల్ల దీపం వెలుగుతుంది, ఎడంగా ఉంటే పసుపు. మరీ దూరమైతే ఎరుపు. తెలుపు లేకుండా బస్సు కదలదు, పడవ ఇంజను తిరగదు, ఆసుపత్రి వాళ్ళు కూడా ముందు దీపమేదని అడుగుతారు.

కాకినాడ వలయానికి ఒకప్పుడు నలుగురు ఆధారాలు ఉండేవారు. ఒకాయనకు చక్కెర వ్యాధి వచ్చింది. ఒకామె ఈ తిండి నియమాలు నావల్ల కాదని మానుకుంది. ఇంకొకాయన రోడ్డు ప్రమాదంలో పోయాడు. వాళ్ళ స్థానాల్లో కొత్తవాళ్ళను తీసుకుంటామని పైవాళ్ళు ఏటా చెబుతూనే ఉన్నారు. ఇరవై ఆరేళ్ళ వయసులో వచ్చిన హైమ యాభై దగ్గరపడుతున్నా ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చుంటూనే ఉంది. బడిపిల్లలను తీసుకొచ్చి దూరం నుంచి చూపిస్తారు. జనం ఆమెను 'సున్నా అమ్మ' అంటారు. కాకినాడలో పుట్టి, కాకినాడ కాజా రుచి మరిచిపోయిన మనిషి తనొక్కతే అయి ఉంటుందని ఆమె నవ్వుతూ చెప్పుకునేది.

తబిత సూది తీసి దూది అద్దింది. "ఇవాళ మీకు జగన్నాథపురం వెళ్ళే పనుందక్కా. గంగాధరం గారు గుర్తుచెయ్యమన్నారు."

"తెల్లచావా?"

"అవునక్కా. నూకరాజని పడవ సారంగు. గాలిమరల దగ్గరకి పనోళ్ళని తీసుకెళ్తూ చుక్కాని దగ్గరే కూలిపోయేడంట. ఆ పొద్దున్న గూట్లో తెలుపే వచ్చింది." తబిత నాళాన్ని తొట్టిలో వేసింది. "ఈ వానాకాలంలో ఇది మొదటిది కాదు కదక్కా."

హైమ దూదిని వేలితో నొక్కిపట్టి లేచింది.

*

తెల్ల దీపం వెలిగిన రోజునే గుండె ఆగి ఎవరైనా పోతే, ఆ ఇంటికి ఆధారం స్వయంగా వెళ్ళి పలకరించడం, వలయాన్ని నడిపే కేంద్రం పెట్టుకున్న ఆనవాయితీ. అక్కడ ఏం చెప్పాలో కూడా నిర్ణయమై ఉంది. ఏ కొలతకైనా అరుదుగా పొరపాటు తప్పదనీ, కేంద్రం విచారిస్తోందనీ చెప్పాలి. హైమ ఇదివరకు ఆ మాటలు చాలా ఇళ్ళలో చెప్పింది. ఎవరూ ఎదురడగలేదు.

నూకరాజు ఇల్లు కాలువ ఒడ్డున, జెట్టీకి దగ్గర్లో ఉంది. అతని భార్య మంగతాయారు గుమ్మంలో చాప వేసుకుని కూర్చుని ఉంది. చుట్టాలు వెళ్ళిపోయినట్టున్నారు. హైమను చూసి లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"మీరేనా అండి సున్నా అమ్మగారంటే? బడిలో చదివేప్పుడు ఓసారి సూసేను మిమ్మల్ని. అప్పుడు శానా సన్నగా ఉండేవోరు."

హైమ కుర్చీ వద్దని చాప మీద ఎదురుగా కూర్చుంది. "తాయారుగారూ, కేంద్రం తరఫున వచ్చాను. జరిగినదానికి మేమంతా చాలా బాధపడుతున్నాం. ఏ కొలతకైనా అరుదుగా పొరపాటు…"

"ఆ మాటలు నిన్న ఫోన్లో సెప్పేరండి. నాకు ఇంకోటి సెప్పండి. తెల్ల దీపం వచ్చినోడికి నొప్పెలాగొస్తాదండి?"

"నొప్పా? ఆయనకి ముందు నుంచీ నొప్పి ఉందా?"

"ఎండాకాలం నుంచీనండి." తాయారు కాలువ వైపు చూస్తూ చెప్పింది. "జెట్టీ మీద నాలుగడుగులు గబగబా ఏస్తే దవడ కింద ఎవరో పట్టుకుని లాగినట్టు ఉంటాదే తాయారూ, నిలబడితే పోతాదే అనేవోడు. పన్ను నొప్పేమో అనుకున్నాం. పళ్ళ డాక్టరు సూసి పళ్ళు బానే ఉన్నాయన్నాడు. పెద్దాసుపత్రికి ఎల్దాం పదమని నేనే తీసుకెళ్ళేను. అక్కడ ముందు గూట్లో ఏలెట్టమంటారు కదండీ. తెలుపు. ఇంకేటి, ఇంటికి పొమ్మన్నారు."

హైమ చెయ్యి తనకు తెలియకుండానే దవడ కిందకు పోయింది. వెంటనే దించేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ తర్వాత నేనేం సేసేనో సెప్పనాండి?" తాయారు గొంతు పెరగలేదు. "మళ్ళీ నొప్పంటే తిట్టేను. దీపం తెల్లగా ఎలిగినోడికి రోగమేటి, బద్ధకం కాపోతేను అన్నాను. ఆ పొద్దున్న ఇదిగో, ఇక్కడే నిలబడి, ఇయ్యాల మానేద్దునే అన్నాడండి. నేనే తోలేను. పడవ మానేత్తే పై నెల ఇంకోడికిచ్చేత్తారు, ఎళ్ళమని నేనే తోలేను."

"మీ తప్పు కాదు తాయారుగారూ."

"అందరూ ఆ మాటే అంటన్నారండి. ఎందుక్కాదో మాత్రం ఒక్కరూ సెప్పరు."

ఎందుకు కాదో హైమకు తెలుసు. తెలుసని ఆ చాప మీద కూర్చున్నాకే ఒప్పుకుంది. మామిడిపళ్ళ కాలంలో మొదటిసారి మెట్ల మలుపు దగ్గర ఆమెకు దవడ కింద అలాగే లాగింది. నిలబడితే పోయింది. వయసనుకుంది. నిద్ర చాలలేదనుకుంది. రెండోసారి వచ్చినప్పుడు ఏమీ అనుకోకుండా కిటికీ దగ్గర నిలబడడం అలవాటు చేసుకుంది. శూన్యానికి జబ్బేమిటి? యంత్రం ఆమెను ఎన్నడూ కొలవదు. కొలిస్తే, తన రక్తాన్ని తన రక్తంతోనే పోల్చి తేడా లేదంటుంది. తనలో ఏదైనా పూడుకుంటే, అలాగే పూడుకుంటున్న ప్రతివాడికీ తెల్ల దీపం వెలుగుతుంది. ఈ చిన్న లెక్క ఆమెకు తెలియనిది కాదు. దాని దగ్గరకు వెళ్ళకుండా ఇన్నాళ్ళూ పక్కనుంచి నడిచింది.

నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. తాయారు కళ్ళెత్తి ఎదురుచూసింది కూడా.

"మంచినీళ్ళు ఇస్తారా?" అంది హైమ.

తాయారు లోపలికి వెళ్ళి నీళ్ళతో పాటు టీ కూడా పెట్టి తెచ్చింది. ఆధారం బయట టీ తాగకూడదు, చక్కెర అసలే కూడదు. హైమ గ్లాసు అందుకుని పూర్తిగా తాగింది. చాలా తియ్యగా ఉంది. తాగి, మళ్ళీ వస్తానని చెప్పి, వెనక్కి చూడకుండా కాలువ గట్టు వెంట నడిచింది.

*

కేంద్రానికి తిరిగి వెళ్ళాల్సిన మనిషి సామర్లకోట బస్సెక్కింది. సామర్లకోట గూళ్ళు రాజమండ్రి శూన్యానికి కట్టి ఉంటాయి. ఆధారాలు ఏ వలయంలోనూ గూట్లో వేలు పెట్టకూడదని నియమం ఉంది. అయితే వేలు ఎవరిదో గూటికి తెలియదు.

స్టేషను బయట, సోడా కొట్టు పక్కన ఒక గూడు కనిపించింది. ముందున్న ఇద్దరు వేళ్ళు పెట్టి, తెలుపు చూసుకుని, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. హైమ వంతు వచ్చింది. ఆమె చూపుడువేలు గూట్లో పెట్టింది. చిన్న చురుకు. ఇరవై ఏళ్ళకు పైగా ఊరందరికీ కొలతగా నిలిచిన మనిషి తన దీపం ఏ రంగో చూడడం అదే మొదటిసారి.

ఎరుపు వెలిగింది.

"కూర్చోండి. నడవకండి. ఆసుపత్రి బండి బయలుదేరింది," అని గూటిలోంచి ఒక మెత్తటి గొంతు పలికింది. వెనకున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. సోడా కొట్టతను పరుగున వచ్చి ఆమెను చెయ్యిపట్టి తన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"కంగారు పడకండమ్మా. ఏ ఊరండి మీది?"

"కాకినాడ."

"అదా సంగతి." అతని ముఖం తేలికపడింది. "ఈమధ్య మీ ఊరోళ్ళు ఎవరు ఏలెట్టినా పసుపో ఎరుపోనండి. మొన్న పెళ్ళోరు దిగేరు. సరదాకి అందరూ ఏళ్ళెట్టేరు. సగం మందికి పసుపేనండి. మీ మిసనుకీ మా మిసనుకీ పడదంట. నవ్వుకుని ఎల్లిపోయేరు."

"వాళ్ళు కాకినాడలో ఏ పేటవాళ్ళో తెలుసాండీ?"

"ఏం తెలుస్తాదండి, పెళ్ళోరు కదా. రైలు దిగేరు, ఎక్కేరు."

అతను సోడా కొట్టి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. హైమ ఆ సీసా పట్టుకుని కాసేపు కూర్చుంది. దూరంగా ఆసుపత్రి బండి కూత వినిపించగానే లేచి, అతను వారిస్తున్నా ఆగకుండా బస్టాండు వైపు నడిచింది. నిదానంగా నడిచింది. పెళ్ళికి వచ్చినవాళ్ళ ముఖాలు ఎలా ఉండి ఉంటాయోనని ఊహించకుండా ఉండడానికి ప్రయత్నించింది. వాళ్ళలో పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఉండి ఉంటారు. నవ్వుకుని వెళ్ళిపోయారట.

*

డాక్టర్ గంగాధరం కేంద్రానికి అధిపతి. హైమను ఉద్యోగంలోకి ఎంపిక చేసినవాళ్ళలో ఆయనొకరు. ఆమె చెప్పిందంతా ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. విన్నాక లేచి తలుపు గడియపెట్టి వచ్చాడు.

"ఎప్పటి నుంచి?"

"మామిడిపళ్ళప్పటి నుంచండీ."

"నాకెందుకు చెప్పలేదు?"

ఉన్నది చెప్పడానికి హైమకు సిగ్గుగా ఉంది. "నాకు జబ్బు రావడమేమిటనుకున్నానండీ. ఆరోగ్యంగా ఉండడం తప్ప నాకు వేరే పనేదీ రాదు. అది కూడా పోతే…" అని ఆపేసింది. "ఇవన్నీ కారణాలు కావండీ. భయపడ్డాను. అప్పుడే చెప్పి ఉంటే నూకరాజుకు పసుపు వచ్చేది."

గంగాధరం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పొరుగు వలయంతో సరిచూపు ప్రతి ఏడూ చెయ్యాలి. చేసి ఉంటే మీలో తేడా ముందే తెలిసేది. రెండుసార్లు వాయిదా వేసింది నేనే హైమగారూ. ఉన్నది ఒక్క ఆధారం. తేడా వస్తే వలయం మూసెయ్యాలి. మూసేస్తే మళ్ళీ తెరవనివ్వరని నా భయం. కాబట్టి మీరొక్కరే కాదు."

ఆ మాటతో ఆమెకు భారం తగ్గాలి. తగ్గలేదు.

"ఇప్పుడేం చేద్దామండీ?"

మాట్లాడినప్పుడు ఆయన గొంతులో మోసం లేదు. నిజంగా లెక్క వేసుకున్న మనిషి గొంతే అది. "రేపు మామూలుగా చెయ్యివ్వండి. నేను లోపల సవరణ పెడతాను. రోజుకు కాస్త. జనానికి తెలియకుండా శూన్యాన్ని మెల్లగా అసలు చోటుకు జరుపుకుంటూ పోదాం. దీపావళి నాటికి సరైపోతుంది. ఈలోగా మీకు హైదరాబాదులో వైద్యం చేయిద్దాం, ఎవరికీ తెలియకుండా. కొత్త ఆధారాన్ని కూడా వెతుకుతాను."

"దీపావళిదాకా తెల్లగా వెలిగేవాళ్ళ సంగతి?"

"కొందరు ఉంటారు." ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. "రేపే చెప్పామనుకోండి. తుని నుంచి యానాం దాకా ఎవడి దీపాన్ని వాడు నమ్మడు. అందరూ ఒక్కసారే ఆసుపత్రుల మీద పడతారు. మంచాలెక్కడున్నాయి? నిజంగా నొప్పి వచ్చినవాడు ఆ జనంలో నలిగి గుమ్మంలోనే పోతాడు. ఇకముందు ఎరుపు వచ్చినా ఎవరూ లెక్కచెయ్యరు. నేను మిమ్మల్ని భయపెట్టడం లేదు. ఎటు చూసినా పోయేవాళ్ళు ఉన్నారు. ఎటు తక్కువో చూస్తున్నాను."

హైమకు ఆ లెక్కలో తప్పు కనిపించలేదు. అలసిపోయి ఉంది. "సరేనండీ" అన్న మాట దానంతటదే బయటికి వచ్చింది. గంగాధరం నిట్టూర్చి, ఆమెకు నాలుక కింద పెట్టుకునే మాత్రలు కొన్ని పొట్లం కట్టి ఇచ్చాడు. నొప్పి వస్తే ఆగకుండా వేసుకోమన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

మందు చేతిలోకి వచ్చాక ఆమెకు అసలైన బాధ మొదలైంది. తనకు నొప్పి వస్తే ఏం చెయ్యాలో తనకు తెలుసు. దీపావళిదాకా మిగతావాళ్ళకు తెలియదు. నొప్పి వచ్చి, దీపం తెల్లగా వెలిగి, ఇంట్లోవాళ్ళు బద్ధకమంటే తల వంచుకుని పనికి వెళ్తారు. వాళ్ళను సాగనంపినవాళ్ళు తర్వాత చాప మీద కూర్చుంటారు.

*

తెల్లవారి హైమ క్వార్టర్సు గేటు దాటి, ఎడమ వైపున్న కేంద్రానికి కాకుండా కుడి వైపు తిరిగింది. ముసురు పట్టి ఉంది. జగన్నాథపురం వంతెన మీద దవడ కింద లాగింది. నిలబడి మాత్ర నాలుక కింద పెట్టుకుంది. ఇంకొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ ఆగింది.

తాయారు వాకిలి చిమ్ముతోంది. ఆమెను చూసి చీపురు పక్కన పెట్టింది.

"నిన్న అడిగారు కదా తాయారుగారూ, ఎందుకు కాదని. చెప్పడానికి వచ్చాను," అంది హైమ. నిలబడే చెప్పింది. తన దవడ నొప్పి గురించీ, శూన్యం అంటే ఏమిటో, సామర్లకోటలో ఎరుపు వెలగడం గురించీ, అన్నీ తప్పించకుండా చెప్పింది. "ఆయనకు వచ్చిన తెలుపు నిజం కాదు. మీరు దీపాన్ని నమ్మారు. దీపం నన్ను నమ్మింది. నేను నోరు మూసుకున్నాను."

వాన చినుకులు చూరు మీంచి వాళ్ళిద్దరి మధ్యా పడుతున్నాయి.

"నిన్న నా ఇంట్లో కూకున్నప్పుడు తెలుసాండి ఇది?"

"తెలుసు."

"తెలిసి టీ తాగేసి ఎల్లిపోయేరు."

"అవును."

తాయారు గోడను పట్టుకుని మెల్లగా కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపు చాలాసేపు సాగింది. హైమ దగ్గరకు వెళ్ళలేదు. తనకు ఓదార్చే హక్కు ఉందనుకోలేదు.

ఏడుపు ఆగాక తాయారు ముఖం తుడుచుకుంది. "మిమ్మల్ని సూత్తే తిట్టాలనుందండి. తర్వాత తిడతాను. ఇప్పుడు జెట్టీ కాడ పడవోళ్ళందరూ ఏళ్ళెట్టడానికి నిలబడుంటారు. పదండి."

"నేను మొదట మీకే చెప్పాలని…"

"నాకు సెప్తే ఏటొత్తాదండి? నా మనిషి ఎల్లిపోయేడు. పదండి."

జెట్టీ దగ్గర గూడు నీలంగానే ఉంది. శూన్యం కట్టే వేళ దాటిపోయింది. సారంగులూ ఇంజను పనివాళ్ళూ వానలో తడుస్తూ, గూటి మీద చేత్తో కొడుతూ విసుక్కుంటున్నారు. వాళ్ళ వెనక పడవలు బారులు తీరి ఊగుతున్నాయి. తాయారును చూసి అందరూ దారిచ్చారు.

"దాన్ని కొట్టకండి. అదియ్యాల ఎలగదు," అంది తాయారు. "ఈయమ్మ సెప్పేది ఇనండి."

జనం ముందు మాట్లాడడం హైమకు అలవాటు లేదు. ఆమె పని చెయ్యి చాపడమే. గొంతు సవరించుకుని, చేతనైనంత తేలిక మాటల్లో చెప్పింది. తన రక్తంతోనే ఈ దీపాలు కొలుస్తాయని, ఆ రక్తానికి జబ్బు చేసిందని, వేసవి నుంచి ఈ గూట్లో వెలిగిన తెలుపును ఎవరూ నమ్మవద్దని చెప్పింది.

ముందు వరసలోని వాళ్ళు గూటి మీంచి చేతులు తీసేశారు.

"అంటే మాకు ఇన్నాళ్ళూ తెలుపొచ్చిందంటే, మాకు బాగున్నట్టు కాదా?" అని ఒక సారంగు అడిగాడు.

"కాదండీ. నాలా ఉన్నారని మాత్రమే అర్థం. నాకు ఎరుపు."

"తెలిసే సెయ్యి సాపేవా?" ఇంకొకడు ముందుకు వచ్చాడు. నిన్నటిదాకా ఆమెను అమ్మగారని పిలిచినవాళ్ళలో అతనూ ఉండి ఉంటాడు.

"చాపాను. నూకరాజు పోయిన రోజున కూడా చాపాను."

అతను పక్కకు తిరిగి ఉమ్మాడు. ఎవరో అతని భుజం పట్టుకుని వెనక్కి లాగారు. హైమ కదలలేదు. అందరూ ఒకేసారి మాట్లాడసాగారు. యంత్రాన్ని తిట్టారు, కేంద్రాన్ని తిట్టారు, పనికి వేళ మించిపోతోందన్నారు. గంగాధరం చెప్పినట్టే జరుగుతుందేమోనని హైమకు భయం వేసింది.

"ఒక్కటి అడుగుతాను," అని ఆమె గొంతు పెంచింది. "గబగబా నడిచినప్పుడో బరువెత్తినప్పుడో దవడ కిందో రొమ్ములోనో ఎడమ చేతిలోనో లాగడం, నిలబడితే పోవడం, ఎవరికైనా ఉందా? ఊపిరి ఆడనట్టుంటుందా? దీపం సంగతి వదిలెయ్యండి. మీ ఒంటి సంగతి చెప్పండి. ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు హైమే తన చెయ్యి ఎత్తి పట్టుకుంది. ఆ చేతి మడతలో సూది మచ్చలు నల్లగా కనిపిస్తున్నాయి.

వెనక వరసలో అప్పన్న అనే ఇంజను పనివాడు పక్కవాడి వైపు చూడకుండా చెయ్యి సగం లేపాడు. "నాకు తెడ్డు పట్టుకుంటే సేతిలోకి వొత్తాదండి. తెలుపొచ్చింది కదాని ఎవరికీ సెప్పలేదు." పక్కనున్నవాడు అతన్ని వింతగా చూసి, ఆ తర్వాత తల దించుకుని తనూ చెయ్యి లేపాడు.

హైమ సంచిలో ఫోను మోగింది. గంగాధరం.

"ఎక్కడున్నారు మీరు? యానాం దాకా అన్నీ నీలమే. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి."

"జెట్టీ దగ్గరున్నానండీ. చెప్పేశాను."

అటు ఆయన కుర్చీలో కూలబడిన చప్పుడు వినిపించింది.

"ఏం చేశారో తెలుస్తోందా మీకు?"

"తెలుస్తోందండీ. ముందు ఇక్కడికి బళ్ళు పంపించండి. తర్వాత మిగతా ఊళ్ళకు మీరే చెప్పండి. గూళ్ళ గొంతుతోనే చెప్పండి. ఒంట్లో బాధ ఉన్నవాళ్ళను ముందు తీసుకుందాం, లేనివాళ్ళను ఆగమందాం. అడిగితే చెబుతున్నారండీ."

ఆయన గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు వినిపించింది.

"ఎన్ని బళ్ళు?"

తాయారు వరసల మధ్య తిరుగుతోంది. మాట్లాడకుండా నిలబడిపోయిన ఒక్కొక్కడి ముందూ ఆగి, ముఖంలోకి చూసి, "నిజం సెప్పు," అంటోంది. హైమ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పింది.

"చెప్పలేనండీ," అంది ఫోనులో. "ఇంకా చేతులు లేస్తూనే ఉన్నాయి."